ఎనిమిదో తారీఖున వచ్చే మనిషి

దర్సీలియా నా పక్క కౌంటర్లో పదకొండేళ్లు కూర్చుంది. మా ఇద్దరి మధ్యా అడ్డంగా ఒక అద్దం పలక ఉండేది, అంతే. ఆమె దగ్గితే నాకు వినపడేది. నేను ఆవులిస్తే ఆమె నవ్వేది. అందుకే ఆమె సంగతి నాకు తెలిసినంతగా క్రాటో ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. జరిగినదాంట్లో నా తప్పు కూడా కొంత ఉంది. అదీ చెబుతాను.

మాది పెద్ద షాపు. పొయ్యిలు, మంచాలు, ఫ్రిజ్‌లు, సోఫాలు అన్నీ దొరికేవి. సామాను దాటుకుని వెనక్కి వస్తే మా నాలుగు కౌంటర్లు. మా వైపు జనం రొక్కం ఇచ్చి ఫ్రిజ్ కొనడం తక్కువ. వాయిదా పుస్తకం రాయించుకుంటారు. నెలనెలా ఆ పుస్తకం పట్టుకొచ్చి మా దగ్గరే కట్టి, ఒక కాగితం చింపించుకుని వెళతారు. ఏడాదికి పన్నెండుసార్లు ఒకే మొహం చూస్తే ఆ మనిషి సొంతమనిషి లాగే అయిపోతాడు. ఎవరి కోడలికి నెలలు నిండాయో, ఎవరి ఆవు పొడిచిందో, ఎవరి మోకాలు వాచిందో మాకు తెలిసేది. నేను విని మరిచిపోయేదాన్ని. దర్సీలియా మరిచేది కాదు. "మీ మోకాలికి ఆ ఆముదం పట్టు వేశారా?" అని నెల తరవాత కూడా అడిగేది. అందుకని ఆమె వరస ఎప్పుడూ పొడుగ్గా ఉండేది. నా కౌంటరు ఖాళీగా ఉన్నా జనం అక్కడే నిలబడేవాళ్లు.

ఆమె పుట్టింది కొండ కింద చెరుకు గానుగల దగ్గర. తండ్రి బెల్లం వండేవాడు. పద్నాలుగో ఏట ఊళ్లో ఒక నోటరీ ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటావిడ చదువూ లెక్కలూ నేర్పింది. ఇరవై రెండో ఏట మా షాపులో బహుమతులకి రంగు కాగితాలు చుట్టే పనికి చేరి, తరవాత కౌంటరుకి వచ్చింది. ఒకప్పుడు రొట్టెల బట్టీ నడిపే ఒకాయన ఆమెని పెళ్లి చేసుకుంటానన్నాడు. సరిగ్గా ఆ ఏడే తల్లికి పక్షవాతం వచ్చింది. "ఒక్క ఏడాది ఆగండి" అంది దర్సీలియా. ఆయన రెండేళ్లు ఆగి వేరే అమ్మాయిని చేసుకున్నాడు. తప్పు ఆయనది కాదు. తల్లి పదిహేడేళ్లు మంచంలోనే ఉంది. ఆ పదిహేడేళ్లూ దర్సీలియా పొద్దున్నే ఆ బట్టీలోనే రొట్టె కొనేది. ఆయన పిల్లలకి పుట్టినరోజులకి రంగు కాగితం చుట్టిన బొమ్మలు పంపేది. తల్లి పోయేనాటికి ఆమెకి నలభై తొమ్మిది.

ఇక మా షాపు పద్ధతి చెప్పాలి. రాజధాని ఫోర్తలేజా నించి ఎవాండ్రో అనే కొత్త మేనేజరు వచ్చాక అది మొదలైంది. మంచివాడే, అత్తరు పూసుకుని నవ్వుతూ తిరిగేవాడు. మేం టీ తాగే గదిలో గోడకి ఒక పలక తగిలించి, దాని మీద మా నలుగురి పేర్లు రాశాడు. మేం ఫ్రిజ్‌లు ఎన్ని అమ్మామన్నది ఆ పలకకి అక్కర్లేదు. ఫ్రిజ్ కొన్నవాళ్లకి వెంట నెలనెలా డబ్బు కట్టే పథకాలు ఎన్ని అంటించామన్నదే లెక్క. పళ్ల వైద్యం పథకం, అంత్యక్రియల పథకం, లాటరీ నంబరు, ఇంటి సాయం పథకం. వాయిదా పుస్తకం రాయడానికి మూడు సంతకాలు కావాలి. మేం నాలుగోది కూడా పెట్టించేవాళ్లం. "ఇక్కడొకటి, ఇక్కడొకటి, కింద ఇంకొకటి" అని గబగబా వేలు చూపిస్తుంటే ఎవరూ చదవరు. వెనక వరస ఉంటుంది, చంకలో పసిబిడ్డ ఉంటాడు, చెవులు ఉడికే ఎండ. పెట్టేస్తారు.

నేను ఆ పలక మీద రెండో స్థానం కంటే కిందికి ఎప్పుడూ దిగలేదు. ఒకసారి నోట్లో ఒక్క పన్ను కూడా లేని ముసలాయనకి పళ్ల పథకం అంటించాను. మూడు నెలల తరవాత కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. చిగుళ్లన్నీ కనపడేలా నవ్వి, "ఏమ్మా, దీనికి పళ్లు కూడా మీరే ఇస్తారా, లేక నన్నే తెచ్చుకోమంటారా?" అన్నాడు. షాపంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది.

దర్సీలియా మాత్రం అడిగేది. అదీ ఎలా అడిగేదంటే, "ఇది మీకు అక్కర్లేదనుకుంటా, కావాలంటారా?" అని.

"దర్సీలియా గారూ, అలా అడిగితే మా అమ్మ కూడా తీసుకోదు" అన్నాడు ఎవాండ్రో ఒకరోజు టీ గదిలో.

"మీ అమ్మగారికి అక్కర్లేదేమో సార్" అందామె.

పలక మీద ఆమె పేరు ఎప్పుడూ అడుగునే. నెలాఖరున అందరిముందూ మాటలు పడేది. మర్నాడు మళ్లీ అలాగే అడిగేది.

అనాక్లెటో వచ్చింది జూన్ నెలలో, బట్టలుతికే మిషను కొనడానికి. మార్కెట్ మూలలో రేకు గూడు పెట్టుకుని తాళాలు బాగుచేసేవాడు, తాళంచెవులు కోసేవాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. యాభై ఎనిమిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, చేతివేళ్ల సందుల్లో ఎప్పుడూ ఇనప రజను. భార్య పోయి అయిదేళ్లైంది. ఒక్కతే కూతురు, దూరాన పెట్రోలీనా ఊళ్లో కాపురం.

"అయిదేళ్లుగా చేత్తోనే ఉతుక్కుంటున్నానండి. మొన్న మా అమ్మాయి వచ్చి నా చొక్కాలు చూసి ఏడ్చింది. దాని ఏడుపు చూడలేక కొంటున్నా" అని చెప్పాడు దర్సీలియాతో. పన్నెండు నెలల పుస్తకం రాయించుకున్నాడు. వాయిదా తేదీ ఎనిమిది. ఇంటి సాయం పథకం కావాలా అని ఆమె తన పద్ధతిలో అడిగింది. అక్కర్లేదన్నాడు. సరేనంది.

జూలై ఎనిమిదిన వచ్చి, కాగితం కంటే ముందు ఫిర్యాదు తీశాడు. "దర్సీలియా గారూ, మీరిచ్చిన మిషను నడుస్తోంది."

"నడవాలి కదండీ మరి."

"అలా కాదు. కాళ్లతో నడుస్తోంది. స్నానాలగదిలో పెడితే వంటింట్లోకి వచ్చింది. నేను వెళ్లి తలుపు వేసుకున్నాను."

ఆమె నవ్వడం నాకు అద్దంలోంచి కనిపించింది. నవ్వితే చేతి వెనక దాచుకోవడం ఆమెకి అలవాటు. ఆరోజు దాచుకోలేదు. కాలి కింద అట్టముక్క మడిచి పెట్టమని చెప్పింది. ఆగస్టులో వచ్చి, "పెట్టాను. ఇప్పుడు నిలబడి వణుకుతోంది, దెయ్యం పట్టినదానిలా" అన్నాడు. ప్రతి నెలా ఏదో ఒకటి. తెల్ల దుప్పటి గులాబీ రంగైన కథ. జేబులో తాళంచెవి మరిచిపోయి ఉతికిన కథ. తాళం పడిపోయి బాత్రూంలో ఇరుక్కున్న చర్చి పాదిరిని బయటికి తీసిన కథ. ఆ కథలో పాదిరి లోపలినించి ఏయే మాటలన్నాడో దర్సీలియా చెవిలో చెప్పాడు. నాకు ఎప్పటికీ చెప్పలేదామె.

ఫిబ్రవరిలో ఒక సంచీడు పెకీ కాయలు తెచ్చాడు, ఘాటు వాసన వేసే పసుపుపచ్చ కాయలు. కొండమీద చెట్ల కింద తానే ఏరానన్నాడు. మర్నాడు నేను అడిగాను, "అక్కా, కాయలు ఏం చేశావు?" అని.

"అన్నంలో వేసి వండాను. ఒక్కదాన్నే కదా, అయిదు రోజులు తింటాను." సొరుగు సర్దుకుంటూ, "ఇల్లంతా ఆ వాసనే. కిటికీలు తెరవబుద్ధి కాలేదు ఇరాసీ" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ నెల నించి చూస్తే, ఏడో తారీఖున ఆమె జుట్టుకి రంగు వేసుకునేది. ఎనిమిదిన నోట్లో లవంగం. ఎనిమిది ఆదివారం వస్తే షాపు మూసి ఉంటుందని ఆ వారమంతా మొహం వాడిపోయేది.

"ఇంకా నాలుగు వాయిదాలే" అంది మార్చి మొదట్లో, నేనేమీ అడక్కుండానే.

"అయితే ఏం? ఆయన గూడు మార్కెట్లోనే కదా. వెళ్లి పలకరించు."

వెళ్లింది. ఆ సంగతి తరవాత చెప్పింది నాకు. సోమవారం సంతరోజు, మధ్యాహ్నం తిండి మానేసి, తన ఇంటి తాళంచెవి పట్టుకుని వెళ్లింది. అలాంటిదే ఇంకో తాళంచెవి కోయమంది. గూడు చుట్టూ జనం. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదకి జార్చుకుని, తల ఎత్తకుండా చెవి తీసుకున్నాడు, కోశాడు, ఇచ్చాడు. "తరవాత ఎవరు?" అన్నాడు. ఆమె పక్కకి జరిగింది. రెండు వారాల తరవాత మళ్లీ వెళ్లింది. అదే చెవి, అదే మాట. ఒంటరిగా ఉండే ఇంటికి మూడు తాళంచెవులయ్యాయి.

"కౌంటర్ దగ్గరైతే ఆయన మాట్లాడతాడు. అక్కడ పనిలో ఉంటే ఆయన వేరే మనిషి" అంది. "నేనూ అంతేనేమో. కౌంటరు లేకపోతే నాకూ నోరు రాదు."

జూన్ ఎనిమిది. ఆఖరి వాయిదా. పండగ రోజులు, ఊరంతా మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు, షాపులో కాగితపు జెండాలు కట్టాం. అనాక్లెటో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పుస్తకంలో ఆఖరి కాగితం ఇచ్చి, "అయిపోయిందండి. దేవుడి దయవల్ల ఎవరికీ బాకీ లేను" అన్నాడు.

"ఇంకేమైనా చూస్తారా? కొత్త ఫ్యానులు వచ్చాయి" అంది దర్సీలియా. 

"ఫ్యాను ఉందండి. ఒక్కడికి ఎంత గాలి కావాలి?"

పుస్తకం ముగించినట్టు ఒక సంతకం కావాలి. ఆమె ఆ కాగితం ముందు పెట్టింది. ఆయన సంతకం చేస్తుండగా సొరుగులోంచి ఇంకో కాగితం తీసి దాని కింద జరిపింది. "ఇక్కడ కూడా" అంది. వేలు చూపించలేదు. ఆయన కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి. కలం ఎత్తకుండా సంతకం చేశాడు. "వెళ్లొస్తానండి దర్సీలియా గారూ, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం టీ గదిలో ఆమె అన్నం డబ్బా మూత తీయలేదు. ఆ కాగితం తీసి నాకు చూపించింది. చదివి నేను పకపకా నవ్వాను.

"ఇంటి సాయం పథకం. తాళం పడిపోతే తాళాలాయన్ని పంపిస్తారట. తాళాలాయనకే తాళాలాయన్ని అంటించావా అక్కా?"

ఆమె కాగితం తీసుకుని చూసింది. "ఏ పథకమో కూడా చూడలేదు ఇరాసీ. చేతికి ఏది తగిలితే అది తీశాను." కాగితం మడుస్తూ, "పన్నెండు నెలలు. మళ్లీ పన్నెండుసార్లు వస్తాడు" అంది.

నా నవ్వు ఆగిపోయింది. "సాయంత్రం దాకా టైముంది. చింపెయ్. ఎవాండ్రోకి తెలియదు" అన్నాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. కాగితం కింద కాగితం ఎలా జరపాలో ఆమెకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అద్దంలోంచి నన్ను చూసి నేర్చుకుంది. రోజుకి ఆరుసార్లు, ఏళ్ల తరబడి చూసింది.

సాయంత్రం కౌంటర్లు మూసేటప్పుడు కాగితాలన్నీ ఒక ట్రేలో వేసి వెనక ఆఫీసుకి పంపాలి. ఆమె చేతిలో ఆ కాగితం ఉంది. మడిచింది, విప్పింది. షట్టరు సగం దించేశారు. నేను సంచీ తగిలించుకుని చూస్తూ నిలబడ్డాను. ఆమె దాన్ని ట్రేలో వేసి, పైన ఇంకో నాలుగు కాగితాలు పేర్చింది.

జూలై ఎనిమిదిన ఆయన రాలేదు. ఎందుకొస్తాడు? బాకీ ఉందని ఆయనకి తెలియదు. ఆమె రోజంతా తలుపు వైపు చూసింది. ఆగస్టులో షాపు నించి ఉత్తరం వెళ్లింది. కట్టకపోతే పేరు ఎగవేతదారుల జాబితాకి ఎక్కుతుందని అందులో రాస్తారు. ఆ వారమే వచ్చాడు. ఉత్తరం పట్టుకుని నేరుగా ఆమె వరసలోనే నిలబడ్డాడు. నా కౌంటరు ఖాళీగానే ఉంది.

"దర్సీలియా గారూ, ఏదో పొరపాటు జరిగింది. మీ దగ్గర చెబితే సరిపోతుందని వచ్చాను."

ఆ ఒక్క నిమిషంలో అంతా సరిచేసేయొచ్చు. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె ఉత్తరం తీసుకుని, చదువుతున్నట్టు చాలాసేపు చూసింది.

"కనుక్కుంటానండి. ఈ నెలకి కట్టేయండి, పేరు పాడవకుండా. వచ్చే నెల వచ్చినప్పుడు చెబుతాను."

ఆయన కట్టాడు. మీరు చెప్పారు కదా అన్నట్టు తలూపి వెళ్లాడు. సెప్టెంబరులో వచ్చాడు, అక్టోబరులో వచ్చాడు, నవంబరులో వచ్చాడు. ఎనిమిదో తారీఖునే. కానీ మిషను కథలు లేవు. "ఏమైనా తెలిసిందాండి?" అనేవాడు. "ఇంకా లేదండి" అనేది. ఆ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకునేవాడు. ఆమె పాదిరి గురించి అడిగితే, "బావున్నాడు" అని ఊరుకున్నాడు. తన వెనక నిలబడ్డవాళ్లకి ఆలస్యమవుతుందేమో అని వెనక్కి చూసుకున్నాడు. ఇంతకు ముందెప్పుడూ అలా చూడలేదు.

"మనిషి వస్తున్నాడు ఇరాసీ. మాట రావడం లేదు" అంది నాతో. ఆ నెల జుట్టుకి రంగు వేసుకోలేదు.

డిసెంబరులో పండక్కి కూతురు వచ్చింది. తండ్రి జేబులో ఉత్తరం చూసి, చదివి, తెల్లారేసరికి వినియోగదారుల ఫిర్యాదుల కార్యాలయానికి ఆయన్ని తీసుకెళ్లింది. ఫిబ్రవరిలో అక్కణ్ణించి షాపుకి పిలుపు వచ్చింది. కాగితం మీద అమ్మిన మనిషి సంతకం దర్సీలియాది కాబట్టి ఎవాండ్రో ఆమెని వెంట తీసుకెళ్లాడు. సాక్షిగా నన్ను కూడా రమ్మన్నాడు. దారిలో కారు నడుపుతూ చెప్పాడు, "దర్సీలియా గారూ, ఒకే మాట. అన్నీ వివరంగా చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు. అంతే. మిగతాది నేను చూసుకుంటా." ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

చిన్న గది. ఒక బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు. మధ్యవర్తిగా కళ్లద్దాల అమ్మాయి, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అటువైపు అనాక్లెటో, కూతురు. ఇటువైపు మేం.

కూతురు కోపంగా చెప్పింది, ఆయన నెమ్మదిగా చెప్పాడు. "నేను ముప్పై ఏళ్లుగా తాళాలు తీస్తున్నానమ్మా. నా తాళం పడిపోతే ఇంకొకణ్ణి పిలిచి డబ్బులిస్తానా? ఊళ్లో తెలిస్తే నా దగ్గరికి ఎవరైనా వస్తారా?" మధ్యవర్తి అమ్మాయి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఎవాండ్రో సంతకం చూపించాడు. "ఇది మీదేనా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"నాదే. ఎప్పుడు పెట్టానో తెలియదు." అనాక్లెటో బల్ల మీదుగా చూశాడు. "దర్సీలియా గార్ని అడగండి. ఆవిడ ఎలా జరిగిందంటే అలాగే. నేను ఒప్పుకుంటాను."

కూతురు "నాన్నా" అని చెయ్యి పట్టుకుంది. ఆయన వదిలించుకున్నాడు.

దర్సీలియా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉంది. "ఆయన ఒప్పుకోలేదు" అంది. "నేను అడగలేదు. వేరే కాగితం కింద పెట్టి సంతకం చేయించాను. ఉత్తరం తెచ్చినప్పుడు కూడా నాకు తెలుసు. తెలిసే కట్టించాను."

ఎవాండ్రో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. మధ్యవర్తి అమ్మాయి కలం పక్కన పెట్టి మెత్తగా అడిగింది, "మీకు టార్గెట్లు పెడతారా? ఇన్ని చేయించకపోతే ఉద్యోగం పోతుందంటారా?"

"పెడతారు" అన్నాను నేను. నన్నెవరూ అడగలేదు. ఎవాండ్రో నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ అమ్మాయి రాసుకుంది. అనాక్లెటో తలూపాడు. "నేనూ అదే అనుకున్నా. పైవాళ్లు మెడ మీద కూర్చుంటే పాపం ఆవిడేం చేస్తుంది" అన్నాడు. పథకం రద్దయింది. కట్టించుకున్నది రెట్టింపు చేసి వెనక్కిమ్మని రాశారు. అందరూ లేచారు. అంతటితో అయిపోయేది. ఆయన దృష్టిలో ఆమె మంచిదే, షాపు చెడ్డది.

ఆమె ఆయన వెనకే మెట్ల దాకా వెళ్లింది. నేను రెండడుగుల వెనక ఉన్నాను. కూతురు కారు తేవడానికి వెళ్లింది.

"అనాక్లెటో గారూ. టార్గెట్టు కోసం కాదు."

ఆయన ఆగాడు.

"టార్గెట్టు కోసం నేను ఎప్పుడూ ఎవరికీ పెట్టలేదు. మీ పుస్తకం అయిపోయింది. ఇంక మీరు రారు. మీరు రావాలని పెట్టాను."

ఆయన మెట్ల మీద నించి రోడ్డు వైపు చూశాడు. మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"నా గూడు బజార్లోనే ఉంది కదండీ. అక్కడికి వస్తే సరిపోయేది."

"వచ్చాను. రెండుసార్లు."

"వచ్చారా?" అన్నాడు. గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తురాలేదని మొహంలోనే తెలిసింది. దాచే మనిషి కాదు.

"నాకు ఆ కౌంటరు ఇష్టంగా ఉండేదండి" అన్నాడు చివరికి. "నెలంతా ఏం జరిగినా, ఇది దర్సీలియా గారికి చెప్పాలి అనుకునేవాణ్ణి. ఒక్క మాట అని ఉంటే వచ్చేవాణ్ణి, ఉత్త చేతులతో అయినా. ఇప్పుడు మీ ముందు నిలబడితే నా చెయ్యి జేబు తడుముకుంటోంది. చూడండి." నిజంగానే ఆయన చెయ్యి జేబు మీద ఉంది. కారు వచ్చింది. ఎక్కాడు.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. ఏడవలేదు. "ఇష్టంగా ఉండేదట" అంది.

వారం తిరక్కుండా ఆమెని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగం. నన్ను తీసేయలేదు, ఎందుకో మరి. నేను ఆ తరవాత నాలుగో సంతకం పెట్టించలేదు. పలక అడుక్కి ఆమె పేరు ఉన్న చోటికి నా పేరు వచ్చింది. ఇంకో ఏడాదికి నేనూ మానేశాను.

దర్సీలియా తన ఇంటి వీధి కిటికీలో ఒక చెక్క పెట్టుకుని పొద్దుటి పూట కుస్కూస్ అమ్మడం మొదలుపెట్టింది. మొక్కజొన్న పిండి తడిపి ఆవిరి మీద ఉడికిస్తుంది, పాలు పోసి గానీ జున్ను పెట్టి గానీ ఇస్తుంది, పక్కన కాఫీ. వాయిదాలు కట్టే పాత మొహాలన్నీ అక్కడికి వచ్చాయి. రొట్టెల బట్టీ ఆయన కూడా వచ్చాడు. "మోకాలు ఎలా ఉంది?" అని వినపడుతుండేది వీధి చివరికి. నేను కూడా వెళ్లి గిన్నెలు కడిగిచ్చేదాన్ని. ఎవరైనా "జున్ను వేయమంటావా, వద్దంటావా?" అని ఆమెనే సలహా అడిగితే, "మీ నోరు, మీ ఇష్టం" అనేది. అంతకంటే ఒక్క మాట అనేది కాదు.

అనాక్లెటో రాలేదు. ఆమె ఆయన పేరు ఎత్తేది కాదు. కానీ పొట్టిగా ఎవరైనా సందు మలుపు తిరిగితే గరిట చేతిలోనే ఆగిపోయేది. ఏడాదిన్నర అలా చూశాను ఆ గరిటని.

ఆ పై ఏడు ఆగస్టులో ఒక మంగళవారం వచ్చాడు. కిటికీ ముందు నలుగురున్నారు. వాళ్ల వెనకే నిలబడ్డాడు. తన వంతు వచ్చాక, "పాలు పోసింది ఒకటి" అన్నాడు. ఆమె ఇచ్చింది. గడప పక్కన అరుగు మీద కూర్చుని తిన్నాడు. కళ్లద్దాలు మందం అయ్యాయి. పళ్లెం వెతుక్కుంటున్నట్టు చేత్తో తడిమి పట్టుకుంటున్నాడు. జనం వెళ్లాక ఆమె గరిట పెట్టేసి బయటికి వచ్చి అరుగు రెండో చివర కూర్చుంది. నేను లోపల గిన్నెల చప్పుడు ఆపేశాను. ఊరికే మాట్లాడుకున్నారు. ఎండల గురించి, మార్కెట్ కప్పు కారడం గురించి. ఆయన ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. బుధవారం వచ్చాడు. గురువారం వచ్చాడు. గురువారం చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు, "బావుందండి" అన్నాడు, కుస్కూస్ గురించే అన్నట్టు.

శుక్రవారం రాలేదు. ఆమె ఒక పళ్లెం మూతపెట్టి పక్కన ఉంచింది. పది గంటలకి బజారు నించి వచ్చిన చేపలావిడ చెప్పింది. తాళాలాయనకి కళ్లు కనపడ్డం లేదట, కూతురు వచ్చి పెట్రోలీనా తీసుకెళ్లిపోయిందట, పొద్దున్నే బయల్దేరారట, గూడు ఎవరికో అమ్మేశాడట.

నాకు కోపం వచ్చింది. "మూడురోజులు కూర్చుని ఒక్క ముక్క చెప్పలేదే" అన్నాను.

దర్సీలియా ఆ పళ్లెం మూత తీసి, నాకు సగం పెట్టి, తను సగం పెట్టుకుంది. "చెప్పుంటే ఆ మూడురోజులూ వెళ్లొద్దనడంలోనే పోయేవి" అంది. ఒక ముద్ద మింగి, "ఎవరూ ఉత్తరం వేయలేదు ఇరాసీ. ఆయనే వచ్చాడు" అంది. అప్పుడు ఏడ్చింది. తింటూనే ఏడ్చింది.

చేపలావిడని పట్టుకుని, ఆవిడ ద్వారా గూడు కొన్నాయన్ని పట్టుకుని, పెట్రోలీనా ఫోన్ నంబరు నేనే సంపాదించాను. ఒక కాగితం మీద రాసి ఆమెకి ఇచ్చాను. పిండి డబ్బాల అరలో పెట్టుకుంది. ఇది జరిగి మూడేళ్లయింది. మొదట్లో నేను పోరేదాన్ని.

"ఆయన కళ్లు కనపడక ఒక్కడే కూర్చుని ఉంటాడు. నీ గొంతు వింటే సంతోషిస్తాడు. చెయ్ అక్కా."

"చేస్తాను. ఏం చెప్పాలో ఒకటి దొరకనీ."

"ఏదో ఒకటి. ఎండల గురించి చెప్పు."

"ఎండల గురించి చెప్పడానికి అంత దూరం ఫోన్ చేస్తారా ఎవరైనా?" అని పిండి జల్లెడ పట్టుకునేది.

ఇప్పుడు ఆమెకి యాభై అయిదేళ్లు దాటాయి. మోకాళ్లు నొప్పులు, అయినా తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తుంది. ఇది ఫిబ్రవరి. మొన్న కొండమీది నించి ఎవరో పెకీ కాయలు అమ్మకానికి తెస్తే బుట్టెడు కొంది. వండి, వచ్చినవాళ్లందరికీ పెట్టింది. ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నంబరు కాగితం చేతిలో ఉంది. నేను పక్కన కూర్చున్నాను. అంకెలు ఒక్కొక్కటే నొక్కింది. చివరి రెండు మిగిలాయి.

"ఈవేళకి పొద్దుపోయింది. భోజనం వేళ" అంది. "ఆదివారం చేద్దాంలే."

సరేనన్నాను. ఆదివారం నేను వెళ్లాలి.